ఒడ్డు తగిలిన బుయ్‌లు

దిల్‌సుఖ్‌నగర్, మార్చి 2011

త్రినాథరావు గారికి,

మీ ఊరి ఫ్యాక్టరీ మురుగు సముద్రంలో ఎటు పోతుందో తెలుసుకోవడానికి మనిద్దరం ప్రవాహంతో కొట్టుకుపోయే తేలుడు డబ్బాలు, బుయ్‌లు, వదిలాం. చాలావరకు మీ ఊరి జాలరిపేట ఒడ్డుకే తిరిగొచ్చాయి. ఒడ్డు తగిలిన బుయ్ ఇక ప్రవాహాన్ని చూపదని లెక్కలోంచి తీసేయడం మన సముద్ర పరిశోధనలో మామూలే. కానీ ఇక్కడ ఒడ్డే జవాబు. మీరు వాటిని తీసేసి, మురుగు నడిసముద్రానికి పోతుందని నివేదిక రాసి, కింద నా పేరూ పెట్టారు.

ఎల్.బి.నగర్‌లో మీ ఇంటికొచ్చి అడిగితే, "సముద్రమే లేని తెలంగాణావాడివి, ప్రవాహాల సంగతి నీకెందుకురా? వెళ్ళి ధర్నా చేసుకో!" అని నవ్వారు.

"సముద్రం లేదు గానీ కండ్లున్నయి గదరా" అన్నాను.

ముప్ఫై ఏళ్ళ స్నేహంలో మీరు నా ప్రాంతం ఊసెత్తడం అదే మొదలు. అదీ అబద్ధం దాచుకోవడానికి.

సోమవారం మీ ఊరి కోర్టులో, ఫ్యాక్టరీ మీద జాలర్లు వేసిన కేసులో వాళ్ళ తరఫున సాక్ష్యం చెబుతున్నాను. మీరు రాకండి. వాళ్ళింకా మిమ్మల్ని తమవాడే అనుకుంటున్నారు.