‘ఎం.పి. గారికి’ అని రాసిన మూడు జాబులు

హిందూపురం,
12-7-1962

పెనుకొండ రెవిన్యూ డివిజనల్ ఆఫీసరు వారి సముఖమునకు

అయ్యా,

విషయం: నా భార్య నాకు రాసిన జాబులు పొరపాటున ప్రజల అర్జీలలో కలిసి తమ కచేరీకి చేరినందున, వాటిని తిరిగి ఇప్పించుట గురించి.

1. నేను రెండు మార్లు పార్లమెంటు సభ్యుడిగా ఉండి, మొన్న ఫిబ్రవరి ఎన్నికలలో ఓడిపోయినవాడను. నేను ఢిల్లీలో ఉన్న పదేండ్లూ నా భార్య వెంకటలక్ష్మి ఇక్కడ ఒంటరిగా ఉండినది. నేను ఓడి ఇల్లు చేరిన వారానికే ఆమె ధర్మవరంలో మగ్గం నేసుకునే తన అన్న ఇంటికి బయలుదేరినది. "పదేండ్లు ఈ ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటి. ఇంగ మీరుండండి, తెలుస్తాది. నేనే జాబు రాస్తా, అంతవరకు ఆడికి రావాకండి. దానికి సరైన జవాబు రాస్తే తిరిగొస్తా" అని చెప్పి పోయినది. తెలిసినది. అప్పటి నుండి మా గడప వద్దకు వచ్చువాడు పాలాయన ఒక్కడే. ఆయన గూడా మాట్లాడడు.

2. నాలుగు నెలలు జాబు కొరకు చూచితిని. రాలేదు. మొన్న తపాలా జవాను ముత్యాలప్ప, "అమ్మ చేతిరాతతో మూడు వచ్చె కద సార్! పైన ఎం.పి. గారికి అని ఉండాది, కొత్తాయన ఇంట్లో ఇస్తి" అనెను. అతని తప్పు లేదు. మా వైపు ఆడవారు మగని పేరు నోట పలకరు, చేత రాయరు. పదేండ్లుగా ఆమె జాబుల మీద అదే విలాసం. పదవి పోయినాక నన్ను ఏమని రాయవలెనో ఆమెకు తోచి ఉండదు.

3. కొత్త సభ్యుల వారి ఇంటికి పోయి అర్జీదారుల వరుసలో నిలబడితిని. వారి గుమాస్తా సంజీవప్ప, "విప్పి చూసేకి తీరిక యాడిది సార్? వెనక అడ్రసు చూసి అందరికీ అచ్చు కార్డు ఏస్తాం. జాబులు కట్ట కట్టి పెనుకొండకు పంపిస్తాం. మీ కాలంలో మాదిరే" అనెను. ఆ కార్డు మొదట అచ్చు వేయించినది నేనే. "తమ అర్జీ అందినది. తగు చర్య కొరకు పంపడమైనది. ఇట్లు, ఎం.పి."

4. నా భార్యకు ఆ కార్డు మూడు మార్లు అందినది. అది నేను పంపలేదని ఆమె అనుకొనుటకు ఆధారం లేదు. ఢిల్లీ నుండి నేను రాసిన జాబులు ఇంతకంటె మెరుగ్గా ఉండేవి కావు. ఇది తలచుకుంటే అన్నం దిగడం లేదయ్యా.

కావున ఆ మూడు జాబులు వెతికించి, విప్పకుండా ఇప్పించవలెననియు, వాటిమీద విచారణకు తహశీల్దారును గాని రెవిన్యూ ఇన్‌స్పెక్టరును గాని ధర్మవరం పంపవద్దనియు ప్రార్థన. వేలమంది అర్జీలు చేత పట్టినవాడనే గాని రాయడం ఇదే మొదలు. తప్పులుంటే మన్నించి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
బి. సీతారామాంజనేయులు

తా.క.: మడిచిన అర్జీ మళ్లీ విప్పి రాస్తాండా సార్. కచేరీల్లో కాగితం దొరికేకి ఎన్నాళ్లు పడుతుందో నాకు తెలుసు. రేపు పొద్దున రైలుకు నేనే ధర్మవరం పోతాండా. రావద్దన్నా పోతాండా. ఏమి రాసిందో ఆమె నోటితోనే విని, జవాబు ఆడనే చెప్తా. ఒకవేళ జాబులు దొరికినా పంపవద్దు. ఈడ తీసుకునేకి ఎవరూ ఉండరు.