ఎముక లోపలి తెల్లగదులు

చిరంజీవి బొద్దుకు,

అమ్మ దీవెనలు. ఇంట్లో అందరూ క్షేమం. మీ నాన్న మోకాలు ఎప్పటిలాగే కలుక్కుమంటోంది, నోరు ఎప్పటిలాగే బాగుంది. "దాని పతకాలు తుడవలేక చస్తున్నా, కాలి ఎముక చిట్లిందట, కొన్నాళ్లు నాకూ సెలవే" అంటూనే నీ ఫొటో ముందు నిలబడిపోతున్నారు.

బొద్దూ అని పిలవొద్దని రాశావు. నువ్వు పుట్టినప్పుడు పెట్టుకున్న పేరు, చేతికి అలవాటైపోయింది. ఈ ఒక్కసారికి ఓర్చుకో.

ఇక నీ ప్రశ్న. "ఒంటిమీద చిటికెడు కొవ్వు లేదు, కిందా పడలేదు, మరి ఎముక ఎందుకు చిట్లింది? రోజూ ఎముకలు కోసేదానివి, నువ్వే చెప్పు" అన్నావు. చెప్తాను.

మూలుగ పరీక్షకని మా ల్యాబ్‌కు వచ్చే ఎముక ముక్క అగ్గిపుల్లంత ఉంటుంది. దాన్ని మెత్తబరచి, మైనంలో బిగించి, పలచటి పొరలుగా కోస్తాను. రంగు వేసి చూస్తే, రక్తాన్ని తయారుచేసే కణాలు ఊదారంగులో కనబడతాయి. వాటి మధ్య తెల్లగా, గుండ్రంగా ఖాళీలు. అవి కొవ్వు కణాలు. మేం వాడే ద్రావకాల్లో కొవ్వు కరిగిపోతుంది. అది ఉన్న గది మాత్రం మిగులుతుంది. వయసుతోపాటు ఆ గదులు పెరగడం మామూలే.

తిండి మానేసినవాళ్లలోనూ పెరుగుతాయి. చర్మం కింద కొవ్వు కరుగుతుంటే ఎముక లోపల చేరుతుంది. ఎముకను కట్టాల్సిన కణాల్లో కొన్ని కొవ్వు కణాలుగా మారతాయి. ఎందుకో పూర్తిగా తెలియదని మా డాక్టరుగారే అంటారు. ఎముక పలచబడుతుంది, పరుగుకి చిట్లుతుంది. నీ మూలుగ నేను చూడలేదు, కాబట్టి నీదీ ఇదేనని చెప్పలేను. కానీ నెలసరి ఆగిందని నువ్వే రాశావు. "కిలో తగ్గితే సెకను తగ్గుతుంది" అని మీ కోచ్ అన్నాడనీ రాశావు. నేను భయపడడానికి ఆ రెండూ చాలు.

మా అక్క, మీ పెద్దమ్మ, జ్వరంతో పోయిందని నీకు చెప్పాం. జ్వరం ఆఖర్న వచ్చింది. అంతకుముందే తను తినడం మానేసింది. ఎవరడిగినా "ఇప్పుడే తిన్నానే బాబూ" అనేది. నవ్వుతూ అనేది, అందుకే నమ్మాం. అప్పటికి నేను ల్యాబ్‌లో కొత్త. తన మూలుగ ముక్క వచ్చినప్పుడు నన్ను కోయనివ్వలేదు. ఆ స్లైడు ఇంకా మా ల్యాబ్ బీరువాలో ఉంది. అప్పుడప్పుడు తీసి చూస్తాను. అందులో తెల్లగదులు కూడా పెద్దగా లేవు. ఎముక దాచుకున్న కొవ్వూ ఖర్చయిపోయి, లేత గులాబీరంగు జిగురు మిగిలింది. అంతదూరం పోకముందే తిండి మొదలుపెడితే మూలుగ చాలావరకు తేరుకుంటుంది. అది కూడా స్లైడుల్లో చూశాను.

ఇంకొకటి దాచాను. ఈ ఉత్తరం ఇంటినుంచి రాయడం లేదు. నీ కాలి సంగతి చదివిన మర్నాడే బస్సెక్కాను. నిన్న సాయంత్రం మీ హాస్టల్ ఎదుట టీకొట్టులో ఉన్నాను. నువ్వు కర్ర ఊతంతో గేటు దాకా వచ్చి, భోజనం పొట్లం విప్పి కుక్కకు పెట్టావు. నీ స్నేహితురాలు "తిందువుగాని రావే" అంది. "ఇప్పుడే తిన్నానే బాబూ" అన్నావు, నవ్వుతూ.

నువ్వు పుట్టకముందే పోయిన మనిషి. ఆ మాట, ఆ గొంతు నీకెక్కడివి? "అక్కా" అన్న పిలుపు నా నోటిదాకా వచ్చింది. నిన్న రోడ్డు దాటలేకపోయాను.

ఇవాళ దాటాను. అందుకే ఈ కవరు మీద స్టాంపు లేదు. వార్డెన్‌గారి చేత పైకి పంపిస్తున్నాను. నువ్వు చదివేసరికి మెట్ల పక్కన బల్లమీద ఉంటాను. క్యారియర్‌లో ఇద్దరికీ సరిపడా ఉంది. నిన్నటినుంచి నాకూ ముద్ద దిగలేదు. తిన్నానని మాత్రం చెప్పకు. తొందరేం లేదు, గోడ పట్టుకుని మెల్లగా దిగు.

ఇట్లు,
కింద కూర్చుని ఎదురుచూస్తున్న
మీ అమ్మ