సోమవారం గాలి

2016 జూలై 18, సోమవారం. రాజాం

ల్యాబ్‌లో మా బోర్డు పరుగెత్తింది. గాలి డేటాతో కట్టే మర్నాటి కెరటాల ఎత్తు లెక్క పీసీలో మూడు గంటలు పట్టేది. లోపలి సర్క్యూట్ మనమే రాసుకోగల ఈ ఎఫ్‌పీజీఏ చిప్ మీద పద్దెనిమిది నిమిషాలు. నేను రాసిన క్యాష్ వల్లే. ప్రతి అంకె కోసం బయటి మెమరీ దాకా వెళ్తే ఆలస్యం. మళ్లీ కావలసినవాటిని క్యాష్ చిప్ లోపలే ఉంచుకుంటుంది. పేపర్ రాద్దామన్నారు గైడ్ గణపతిరావు సార్.

జూలై 20

ఈరోజు లెక్కకి పదకొండు నిమిషాలే. ఉండబట్టలేక నౌపడ దగ్గర మా ఊరికి, చేపలు పట్టే గంగులు మావకి ఫోన్ చేశాను. రేపు కెరటం మీటరు దాటదని చెప్పాను. రేడియోలో జాగ్రత్త అన్నారట. "ఆళ్లు రోజూ అదే సెప్తారు. నువ్వు అంకె సెప్పినావు" అన్నాడు. గర్వంగా అనిపించింది.

జూలై 21, ఉదయం 7:10

హిట్ రేట్ 99.6 శాతం. అడిగినవి దాదాపు అన్నీ క్యాష్‌లోనే దొరుకుతున్నాయి. అంత బాగుండకూడదు.

8:15

కొత్త గాలి డేటా మెమరీలోకి రోజూ వెళ్తోంది. క్యాష్‌లో పాతది ఖాళీ చేయించడం మర్చిపోయాను. మూడు రోజులుగా సోమవారం గాలితోనే లెక్క కడుతోంది.

ఖాళీ చేసి ఈరోజు లెక్క మళ్లీ నడిపాను. కెరటం రెండు మీటర్ల ఎనభై సెంటీమీటర్లు.

మావ ఫోన్ కలవడం లేదు. కాంతం అత్తకి చేశాను. తెల్లారకముందే వేటకి వెళ్లిపోయాడట, ఇంకో ఇద్దరితో. నేను చెప్పానని మరో రెండు పడవలు కూడా వెళ్లాయట. "ఏటైనాది, సెప్పవే" అంది. చెప్పాను. అత్త ఫోన్ పెట్టెయ్యలేదు. వెనక సముద్రం వినిపిస్తూనే ఉంది.

11:30

రెండు పడవలు వచ్చాయి. మావది రాలేదు.

సాయంత్రం 4

ఒడ్డుకి దగ్గర్లోనే బోల్తా పడింది. ముగ్గురూ ఈదుకుని వచ్చారు. మావ కుడి చెయ్యి విరిగింది. పడవ లేదు. వలలు లేవు.

జూలై 22

సార్‌కి అంతా చెప్పాను. బగ్ సరిచేసి, పేపర్లో కొత్త స్పీడ్ రాస్తే చాలన్నారు. ఆ మూడు రోజుల తప్పు లెక్కలు, వాటివల్ల జరిగింది కూడా రాస్తానన్నాను. అలాగైతే నా పేరు తీసెయ్యి అన్నారు.

తీసేశాను.

జూలై 30

మావ ల్యాబ్‌కి వచ్చాడు, చేతికి కట్టుతో, బస్సులో. తప్పు ఎక్కడ జరిగిందో చూపించమన్నాడు. బోర్డు మీద చిప్ చూపించాను. ఎడమ బొటనవేలు దాని మీద పెట్టాడు. చిప్ మొత్తం కప్పుకుపోయింది.

"ఇంతేనా" అన్నాడు.

వేడిగా ఉంటుంది మావా అన్నాను. వేలు తీయలేదు.