వీర్రాజు పక్కన చోటు

జూన్ 19

రాజోలు దాటి గోదారి మధ్య ఈ లంకకి వచ్చి వారమైంది. ఏటిగట్టు మీద ఏ మొక్క మట్టిని పట్టుకుంటుందో, ఏది వదిలేస్తుందో చూడటం నా పీహెచ్‌డీ. మాది కర్నూలు పక్క ఊరు. బిందెడు నీళ్లకి జుట్లు పట్టుకునే చోట పుట్టి, నీళ్లు ఎక్కువైన చోటికి చదువు కోసం వచ్చాను. ఎవరి రాత వాళ్లది.

దీనమ్మగారింట్లో దిగాను. ఆవిడ భర్త వీర్రాజుగారు పోయి మూడేళ్లట. నేనేం చెప్పినా ఆయ్ అంటారు. ఇంత మర్యాదకి ఊపిరాడటం లేదు.

జూలై 2

గట్టు తవ్వి చూశాను. పైన ఒండ్రు, కింద ఒట్టి ఇసుక. రెల్లు వేళ్లు మూరెడు కూడా దిగలేదు. గట్టు చూస్తే రెండు నిలువుల ఎత్తు. పచ్చగా ఉంది కదా అని నమ్మితే అంతే సంగతులు.

గట్టు అంచునే ఈ ఊరి చర్చివాళ్ల సమాధుల తోట. చివరి వరసలో వీర్రాజుగారు.

జూలై 3

దీనమ్మగారికి చెప్పేశాను. వరద ఎక్కేటప్పుడు కాదు భయం, తీసేటప్పుడు. నానిన గట్టుని అన్నాళ్లూ నీళ్లే ఆపుతాయి. అవి చటుక్కున తగ్గితే పెళ్లలు పెళ్లలుగా పడిపోతుంది. ఈ ఏడు ఆ వరస ఆగదు, ఆయన్ని చర్చి వెనక మెరక మీదికి మార్పించండి అన్నాను. ఆయ్ అన్నారు. పాస్టరుగారితో మీరు మాట్లాడతారా అంటే, దానికీ ఆయ్. నన్ను మాట్లాడమంటారా అంటే, మీకెందుకండీ శ్రమ అన్నారు.

హమ్మయ్య. గైడ్‌కి ఫోన్ చేసి గొప్పలు పోయాను కూడా.

ఆగస్టు 11

క్యాంపస్‌లో సెమినార్. ఇక్కడ చుక్క వాన లేదు.

ఆగస్టు 20

నిన్న తిరిగొచ్చాను. ధవళేశ్వరంలో వరద రెండో ప్రమాద హెచ్చరిక. అరటితోటల్లో నీళ్లు. సమాధి అక్కడే ఉంది! పాస్టరుగారిని అడిగితే, ఆవిడ మా దగ్గర అసలా మాటే ఎత్తలేదండీ అన్నారు. ఒళ్లు మండిపోయింది. ఇంటికొచ్చి, మరి ఆయ్ అని ఎందుకన్నారని దులిపేశాను. ఆవిడ బిత్తరపోయారు. మీరు చెప్తన్నారు కదండీ, వింటన్నానని తెలియాలి కదండీ అన్నారు.

అదీ సంగతి. ఆవిడ ఆయ్‌కి అర్థం విన్నానని. సరే అని నేను రాసేసుకున్నాను. వద్దని మొహం మీద చెబితే ఇంటికొచ్చిన మనిషి నొచ్చుకుంటుందని ఆవిడ బెంగ.

ఎందుకు వద్దని అడిగాను. ఆ మెరక మీద ఒక్క మనిషికే చోటు మిగిలిందండీ, ఇక్కడైతే ఆయన పక్కన నాకూ అట్టేపెట్టేరు, అక్కడికి తీసుకెళ్తే ఆయనొక్కరే పడుకోవాలి కదండీ అన్నారు.



ఆగస్టు 25, పొద్దున్న

నీళ్లు తీస్తున్నాయి. ఊరంతా సంతోషం. నాకు అన్నం సయించడం లేదు.

సాయంత్రం

పడిపోయింది. పెద్ద చప్పుడు కూడా లేదు. రెల్లు నిలబడ్డది నిలబడ్డట్టే పెళ్లతో సహా దిగిపోయింది. చివరి వరసంతా పోయింది. ఆయనా, ఆవిడ చోటూ.

దీనమ్మగారు గట్టుకి రాలేదు. నేనే వెళ్లి చెప్పాను. చేటలో బియ్యం ఏరుతున్నారు. తల ఎత్తలేదు, ఏరుతూనే ఉన్నారు.

నేనన్నది అన్నట్టే జరిగింది. థీసిస్‌కి ఇంతకంటే మంచి డేటా దొరకదు. ఆ ఆలోచన వచ్చినందుకే సిగ్గేసింది.

ఆగస్టు 27

గైడ్ కంగ్రాట్స్ అన్నారు. ఫోన్ పెట్టేశాను.

నవంబరు 2

సమాధుల పండుగ. అందరూ తమవాళ్ల సమాధులకి సున్నం వేసి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తున్నారు. దీనమ్మగారు ఖాళీ చేతులతో వచ్చి నా పక్కన నిలబడ్డారు. ఇన్నాళ్లలో ఆవిడ నన్ను ఏదైనా అడగడం ఇదే మొదలు.

మళ్లీ వరదకి ఏ చోటు పోద్దండీ, నన్నక్కడ పెట్టమని పాస్టరుగారికి చెప్పుకుంటాను అన్నారు.

నాకు తెలుసు. చూపించాను.