పరగడుపు పగడాలు

పూజ్యులైన అత్తయ్యగారికి,

అల్లుడు నమస్కారాలతో రాస్తున్నది. నడిసముద్రంలో ఈ చమురు బావి మీదికి క్షేమంగా చేరాను. ఇక్కడ ఫోను పలకదు. ఉత్తరాలు వచ్చినా పోయినా సామాన్ల పడవలోనే. చుట్టూ ఎటు చూసినా సముద్రమే గాని, మనసంతా మన హాల్లో చేపల్నీ, బతికున్న పగడాల్నీ పెంచే గాజుతొట్టి మీదే ఉంది.

మీరొచ్చి ఉంటానన్నారు కాబట్టి నిబ్బరంగా బయల్దేరాను. మీ అమ్మాయి సంగతి తెలుసుగా! నేను తిరిగొచ్చేసరికి ఒక్క పగడం చచ్చినా తొట్టి తీసేసి సోఫా వేస్తానంది. అన్నంత పనీ చేస్తుంది. ఆ ఊదారంగు పగడాన్ని గోరంత ముక్క నుంచి పెంచాను. అది పోతే నేను తట్టుకోలేను.

చేపలకి రెండు పూటలా చిటికెడు మేత వెయ్యండి. రోజు మార్చి రోజు నీళ్ళు టెస్టు చేసి, నైట్రేటు, ఫాస్ఫేటు ఎంతున్నాయో రాయండి. ఆసుపత్రి ల్యాబులో అన్నేళ్ళు ఊరందరి రక్తం పరీక్షించిన చెయ్యి మీది. నేను వేరే చెప్పాలా!

మీ విధేయుడు,
అల్లుడు

తా.క. పెద్ద చేప పేరు బొండం. గాజు దగ్గరికొచ్చి నోరు తెరిస్తే ఆకలని కంగారుపడకండి. అది దాని స్వభావం.

*

చిరంజీవి అల్లుడుగారికి,

అత్తయ్య దీవించి రాయడం. ఇక్కడ అందరం క్షేమం. రిపోర్టు ఇదిగో: నైట్రేటు సున్నా, ఫాస్ఫేటు సున్నా. నా సర్వీసు మొత్తంలో ఇంత చక్కటి రిపోర్టు ఎవరికీ రాలేదు, మా డాక్టరుగారితో సహా.

పగడాలు కూడా రంగు తేలాయి. ఆ ఊదాది మొన్నటిదాకా కమిలిపోయినట్టుండేది. ఇప్పుడు తెల్లగా, నీటుగా ఉంది. బొండానికి నేనంటే భక్తి కుదిరింది. ఎటు వెళ్తే అటు గాజు వెంబడే వచ్చి నోరు తెరుస్తోంది. మీరు చెప్పారు కాబట్టి పట్టించుకోవడం లేదు.

ఇట్లు,
అత్తయ్య

తా.క. అమ్మాయి తొట్టి ఉన్న చోటు టేపు పెట్టి కొలిచింది. ఎందుకే అంటే, ఊరికే అంది.

*

అత్తయ్యగారికి,

కంగారు నమస్కారాలు. కొంప మునిగిందండీ! పగడం తెల్లబడటం అందం కాదు, ఆకలి. చేప తిని వదిలిందే నీళ్ళలో నైట్రేటు అవుతుంది. అది మరీ ఎక్కువైతే నాచు పట్టి పగడాన్ని కప్పేస్తుంది. బొత్తిగా లేకపోతే పగడం మాడిపోతుంది. అయిదు దగ్గరుంటే చాలు. సున్నా అంటే ఖాళీ కంచం అన్నమాట.

వెంటనే మేత రెండింతలు చెయ్యండి. ఇకమీదట టెస్టు రోజూ చెయ్యండి. నాకు ఇక్కడ ముద్ద దిగడం లేదు.

మీ అల్లుడు

తా.క. ఆ టేపు ఎక్కడైనా దాచెయ్యండి.

*

చిరంజీవి అల్లుడుగారికి,

దీవెనలు. రోజూ చేస్తున్నాను, రోజూ సున్నాయే. షుగరు తగ్గించమని కాళ్ళావేళ్ళా పడ్డవాళ్ళని చూశాను గాని, పెంచమని బతిమాలే మనిషిని మిమ్మల్నే చూశాను. మీరన్నట్టే రెండింతల మేత కొలిచి, చిన్న గిన్నెలో సిద్ధంగా పెట్టుకున్నాను.

నిన్న బొండం నా వేలు కొరికింది. ఉప్పునీళ్ళలో బతికేవాళ్ళకి విశ్వాసం ఉండదనుకుంటాను. మిమ్మల్ని కాదు.

ఇట్లు,
అత్తయ్య

తా.క. మేత డబ్బా నిండుగానే ఉంది. వచ్చేటప్పుడు కొత్తది కొనకండి, దండగ.

ఇంకో తా.క. టేపు దాచేశాను. అమ్మాయి జానలు వేసి కొలుచుకుంది.

*

అత్తయ్యగారికి,

నమస్కారాలు. డబ్బా ఇంకా నిండుగా ఎలా ఉందండీ? అదేమన్నా అక్షయపాత్రా? నాకు బుర్ర పనిచెయ్యడం లేదు. ఇకనుంచి పొద్దునొకసారి, సాయంత్రమొకసారి టెస్టు చెయ్యండి. మీరు లేచింది మొదలు తొట్టి దగ్గర ఏమేం చేస్తున్నారో పూసగుచ్చినట్టు రాయండి.

మీ అల్లుడు

తా.క. వేలు కొరికిందన్నారు. బొండానికి దెబ్బ తగల్లేదు కదా?

*

అల్లుడుగారికి,

మీ ఉత్తరం చూసి నొచ్చుకున్నాను. శాంపిలు ఎలా తియ్యాలో నాకు నేర్పుతారా? ఏ టెస్టయినా పరగడుపున చెయ్యాల్సిందే. తిన్నాక తీస్తే రిపోర్టంతా తిండి లెక్కే వస్తుంది. అందుకని టెస్టుకి ముందు రోజు పొద్దున్నుంచే మేత బంద్. తీసే ముందు కాసిని నీళ్ళు కూడా మారుస్తాను. పేషంటుని స్నానం చేసి రమ్మనమా మరి?

మీరు రోజు మార్చి రోజు టెస్టన్నప్పుడు రోజు మార్చి రోజు తిన్నాయి. రోజూ టెస్టన్నారు, రోజూ పస్తున్నాయి. ఇప్పుడు రెండు పూటలా అంటున్నారు. ఇక అవి తినేదెప్పుడో మీరే సెలవియ్యండి.

ఇట్లు,
అత్తయ్య

తా.క. ఊదాది పాలలా తెల్లగా అయింది. సాయంత్రం శాంపిలుకి వేళయింది కాబట్టి ఈ ఉత్తరం అమ్మాయికిచ్చి పోస్టు చేయిస్తున్నాను.

*

అత్తయ్యగారూ,

మీ కాళ్ళు పట్టుకుంటాను, టెస్టులు ఆపెయ్యండి. తిండి పెట్టండి. మనక్కావాల్సింది ఆ తిండి లెక్కేనండీ!

తప్పు మీది కాదు. నేను భయపడినకొద్దీ టెస్టులు పెంచాను, టెస్టులు పెరిగినకొద్దీ వాటి నోటి దగ్గర కూడు లాగేశాను. ఈ ఉత్తరం చేరేసరికి ఏమీ మిగలదని తెలుసు. ఏడుపొస్తోంది. ఇక్కడ ఏడుద్దామన్నా చాటు లేదు. సోఫా ఏ రంగుదైనా పర్వాలేదని మీ అమ్మాయితో చెప్పండి.

అల్లుడు

తా.క. ఊదా మాత్రం వద్దు.

*

చిరంజీవి అల్లుడుగారికి,

అత్తయ్య దీవెనలు. కళ్ళు తుడుచుకుని చదవండి. మీ ఉత్తరం అందేసరికే మీ పగడానికి అంచుల్లో మళ్ళీ ఊదా వచ్చింది. నైట్రేటు అయిదు! నేను పస్తు పెట్టినా అయిదే. కిట్టు పాడైందనుకున్నాను. అనుమానమొచ్చి, స్నానానికని చెప్పి తలుపు చాటున నిలబడ్డాను. చూద్దును కదా, మీ ఆవిడ స్టూలెక్కి మేత వేస్తోంది. "తొందరగా తినెయ్, అమ్మొస్తుంది" అని బొండంతో గుసగుసలు.

నిలదీస్తే నామీదే ఎగిరింది. పోస్టు చెయ్యమని నేనిచ్చిన ఉత్తరం విప్పి చదివిందట. ఆ సాయంత్రమే వేరే డబ్బా కొని, కాఫీపొడి వెనకాల దాచిందట. "చిన్నప్పుడు నేను తుమ్మితే చాలు, తిండి మాన్పించి సూది పట్టుకుని నిలబడేదానివి. ఆ ఆకలేంటో నాకు తెలుసు" అని ఏడ్చేసింది. ఇప్పుడు చేపలతో సహా అందరం వేళకి తింటున్నాం.

సోఫా మాత్రం వచ్చేసింది. తొట్టి కదపలేదు, దానికి ఎదురుగా వేసింది. మీ రాతబల్ల వరండాలోకి పోయింది.

ఇట్లు,
అత్తయ్య

తా.క. బొండం లావెక్కింది. ఒకసారి షుగరు చూడాలి.

ఇంకో తా.క. ఏమండీ, ఇది నేను. పోస్టు చేసే ముందు ఈ ఉత్తరం కూడా విప్పాను, అమ్మకి చెప్పకండి. మీరు నాలుగు ఉత్తరాలు రాశారు. బొండానికి దెబ్బ తగిలిందా అని కూడా అడిగారు. నేనెలా ఉన్నానని ఒక్క ముక్క అడగలేదు. తొట్టి తీసేస్తానన్నది కోపంతో. మీరు ఇంట్లో ఉన్న సాయంత్రాలన్నీ దాని ముందు స్టూలు మీదే గడిపేస్తారు. ఆ స్టూలు ఒక్కరికే సరిపోతుంది. మీ పక్కన కూర్చోవాలనే సోఫా కొన్నాను. ఇద్దరు పట్టేదే తీసుకున్నాను. ప్రస్తుతానికి రెండో వైపు అమ్మ కూర్చుంటోంది. తొందరగా వచ్చెయ్యండి.