రంగులు ముట్టొద్దన్నారు

ఏప్రిల్ 2, 2008. బుధవారం

పాండురంగయ్య గారి కుర్చీలోకి మారి రెండు రోజులైంది. కుర్చీ బాగుంది. కంప్యూటర్‌తోనే చిక్కు.

సోమవారం ఆయన రిటైరయ్యారు. తొమ్మిదేళ్లు పక్కపక్క టేబుళ్ల దగ్గర కూర్చున్నాం. పోతూ పోతూ లేబర్ ఫైలు నాకప్పగించి, ఏమన్న చేస్కో అహల్యమ్మా, రంగులు మాత్రం ముట్టొద్దు, తర్వాత చెప్త, ఒకసారి సిరవారకు మా బిడ్డింటికి రా, మీ ఆయన వాసుదేవ్‌ని గూడ తోల్కొని రా అన్నారు. వస్తాలెండి అన్నాను. రిటైరైన వాళ్లందరూ రమ్మనే అంటారు.

ఫైల్లో 641 పేర్లు. మా కాంట్రాక్టరు థర్మల్ కరెంటు ప్లాంటుకు పంపే కూలీలు 635 మంది, చివర్న ఆఫీసు వాళ్లం ఆరుగురం. బూడిద ఎత్తేవాళ్లు, బొగ్గు బెల్టు కింద ఊడ్చేవాళ్లు. తెరిస్తే హోలీ ఆడిన గోడలా ఉంది. ఊరికొక రంగు, సెక్షన్‌కొక రంగు, కొన్ని పేర్లకు వేరే రంగు. రిజిస్టర్ల కాలం నుంచీ ఆయనంతే, జేబులో నాలుగు రంగుల పెన్నులు.

తెరుచుకోవడానికి పదకొండు నిమిషాలు. ఒక్క పేరు దిద్దబోతే తెర మీద: ఎక్సెల్ కెనాట్ కంప్లీట్ దిస్ టాస్క్ విత్ అవైలబుల్ రిసోర్సెస్. చూజ్ లెస్ డేటా. తక్కువ డేటా ఎంచుకోవాలట. ఎవరిని తీసెయ్యను?

15వ తారీఖు లోపల గేట్ పాస్ లిస్టు ప్లాంటుకు పోవాలి. పోకపోతే 16న అందరూ గేటు బయటే.

ఏప్రిల్ 3. గురువారం

నాట్ ఎనఫ్ మెమరీ. పొద్దుట్నుంచి నాలుగుసార్లు. సాయంత్రానికి కొత్తది: టూ మెనీ డిఫరెంట్ సెల్ ఫార్మాట్స్. రంగుల హంగులు మరీ ఎక్కువయ్యాయట. మేనేజర్ గురురాజ్ సార్ వచ్చి నా వెనక నిలబడ్డారు. ఏందమ్మా, పాండురంగయ్య ఉన్నప్పుడు నడుస్తుండె గద అన్నారు. నడిచిందో లేదో ఈయనెప్పుడు చూశారని? దాన్ని పాండురంగయ్య గారు తప్ప ఇంకెవరూ తెరిచేవారు కాదు.

ఫ్యాన్ వేస్తే కాగితాలు ఎగురుతాయి, ఆపితే నేను ఉడికిపోతాను. పాత ఫైళ్ల దుమ్ముకి దగ్గు ఒకటి.

ఏప్రిల్ 4. శుక్రవారం, ఉదయం 10.40

శృతికి ఫోన్ చేశాను. మా చిన్నమ్మ కూతురు, గంజ్ మార్కెట్ దగ్గర కంప్యూటర్ క్లాసులు చెబుతుంది. కంట్రోల్ నొక్కి ఎండ్ కొట్టక్కా, యాడికి పోతదో చూడు అంది. 65,536వ వరసకు పోయింది. మా 641 పేర్ల కింద అంతా ఖాళీ, కానీ ఖాళీకి కూడా రంగు. ఈ పెద్దాయన కాలమ్‌లు నిలువునా పట్టి అడుగుదాకా పూసేశారు. మెషీన్‌లో ఉన్న ర్యామ్ 256 ఎంబీ. పాపం దాని తప్పేముంది.

శృతి చెప్పిన మందు: కింది ఖాళీ వరసలు డిలీట్. తర్వాత మొత్తం సెలెక్ట్ చేసి ఎడిట్, క్లియర్, ఫార్మాట్స్. పేర్లు ఉంటాయి, రంగులే పోతాయి. ముందు ఒక కాపీ పెట్టుకో అక్కా అని రెండుసార్లు చెప్పింది.

మధ్యాహ్నం 12.15

అయిపోయింది.

కాపీ పెట్టబోతుంటే కరెంటు పోయింది. ప్లాంటు ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉంది, మాకేమో రోజూ పదకొండుకి కోత. యూపీఎస్ కూత మొదలుపెట్టింది. దాని బ్యాటరీ ఆరు నిమిషాలు, కాపీకి పది పైన. ఆ మాత్రం లెక్క నాకొచ్చు. డిలీట్, సెలెక్ట్, క్లియర్, సేవ్. అదే పేరు మీద. తెర ఆరింది.

అరగంట తర్వాత కరెంటు వచ్చాక తెరిచాను. మూడు సెకండ్లు. పన్నెండు ఎంబీ ఫైలు మూడొందల కేబీ అయింది. తోమిన గిన్నెలా తెల్లగా ఉంది. ఎంత సంతోషమేసిందో. శనగలు తెప్పించి అందరికీ పంచాను.

ఏప్రిల్ 7. ఉగాది

పొద్దున్నే పాండురంగయ్య గారి ఫోన్. తియ్యలేదు. తీస్తే రంగుల సంగతి అడుగుతారు. పండగపూట తిట్లెందుకు.

కొత్త జాకెట్టు వదులైంది. జనవరిలో ఇచ్చిన కొలతే. కొత్త కుర్చీ నిన్ను కరగదీస్తున్నదే అని వాసుదేవ్ నవ్వాడు. మా ఆయన్ని బయట ఏవండీ అంటాను, ఇక్కడ వాసుదేవ్. డైరీ కూడా అతని షాపులో అమ్ముడుపోనిదే.

ఏప్రిల్ 9. బుధవారం

ఏం రాయాలో తెలియడం లేదు. వరసగా రాస్తాను.

మధ్యాహ్నం నింగప్ప వచ్చాడు. బూడిద సెక్షన్, మట్మారి ఊరి మనిషి. ఆఫీసు ఖాళీ అయ్యేదాకా మెట్ల మీద కూర్చుని అప్పుడు లోపలికొచ్చాడు. అక్కా, నా రంగు పచ్చగ ఎప్పుడైతది అన్నాడు.

ఏ రంగు అన్నాను. అతను తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. జనవరిలో ఎక్స్‌రే క్యాంపు జరిగింది కదా. ఛాతీలో మచ్చ ఉన్నవాళ్ల పేర్లకు పాండురంగయ్య గారు రంగు వేసి పెట్టుకున్నారట. మాటల్లో ఎక్కడా రాయలేదట. టీబీ అని రాస్తే గేట్ పాస్ ఆపేస్తారు, పాస్ పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకని ఒక్కొక్కరినీ ప్లాంటు గేటు ఎదురు చాయ్ హోటల్‌కు పిలిచి, మెల్లగా చెప్పి, సర్కారు దవాఖానకు పంపేవారట. మందు మొదలైతే పసుపు. ఆరు నెలలు మింగి నయమైతే ఆకుపచ్చ. నెలకోసారి మాత్రల అట్ట తెచ్చి చూపించాలి, ఆయన ఖాళీ గూళ్లు లెక్కపెట్టేవారు.

నాది రెండు నెలలైంది అక్కా, మధ్యల నాలుగు దినాలు మానేస్తే పెద్దసార్ మస్తు తిట్టిండు, ఇంక మీకే చూపియ్యాల్నా అన్నాడు. అట్ట టేబుల్ మీద పెట్టాడు. లెక్కపెట్టాను. రెండుసార్లు లెక్కపెట్టినా అంకె మనసుకెక్కలేదు. బాగుంది నింగప్పా అన్నాను. దండం పెట్టి వెళ్లాడు.

నేను చెరిపింది అది.

ఏప్రిల్ 10

ఎంతమంది? నింగప్పకి తనతోపాటు ఇంకొక్కరే తెలుసు.

ఏప్రిల్ 11. శుక్రవారం

శృతి వచ్చి చూసింది. అండూ లేదు, టెంప్ ఫైలు లేదు. ఏం చేయలేమక్కా, సేవ్ చేసి బంద్ చేసినవ్ గద అంది. కాపీ సంగతి మళ్లీ ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టినా బాగుండేది.

ఎవరినీ అడగలేను. అడిగితే గురురాజ్ సార్ చెవిన పడుతుంది, పడితే అందరి పాసులూ పోతాయి. అడగకపోతే మందు మానేసే వాడిని ఆపే మనిషి లేడు. ఇంకా చెప్పని వాళ్లుంటే వాళ్లకు తమ సంగతే తెలియదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు, నాకు రెండూ ముందే ఉన్నాయి.

గేట్ పాస్ లిస్టు ప్లాంటుకు పోయింది. నాలుగు రోజుల ముందే. సార్ అందరి ముందూ శభాష్ అన్నారు. తలెత్తలేకపోయాను.

పాండురంగయ్య గారి ఫోన్ రెండుసార్లు. పిరికిదాన్ని. తియ్యలేదు.

ఏప్రిల్ 12. శనివారం

దొరికింది. సగం దొరికింది.

ఆయన కంప్యూటర్‌ని నమ్మే మనిషి కాదని ఇన్నాళ్లకు గుర్తొచ్చింది. మూడు నెలలకోసారి ప్రింటు తీసి ఫైలు చేసేవారు. అల్మారీ కింది అరలో, మార్చి 29 తారీఖుతో ఉంది. మా ప్రింటర్‌కు నలుపు తప్ప రంగు రాదు. కానీ రంగు వేసిన పేర్ల వెనక నీడలా పడింది.

కిటికీ దగ్గర పట్టుకుని ఒక్కో పేరూ చూశాను. పేర్ల వెనక రెండు రకాల నీడ. లేతవి ఇరవై మూడు. ముదురువి ఎనిమిది. నింగప్పది లేత. అంటే లేతది పసుపు, మందు తింటున్నవాళ్లు. ఇక వాళ్లను పట్టుకోవచ్చు. మరి ముదురు ఏమిటి? నయమైనవాళ్లా? రెండు నెలలకే నయం కాదు కదా.

ఆఫీసు వాళ్ల పేర్లు విడిగా ఆఖరి పేజీలో ఉన్నాయి. అది చూడలేదు, మాతో ఏం పని.

ఏప్రిల్ 15. మంగళవారం

పాసులు పంచాను. సూగప్ప పోత్నాళ నుంచి భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. మూడు నెలల పిల్ల. వాడు పిల్లను ముఖం దగ్గర పెట్టుకుని ఊదుతూ ఆడిస్తున్నాడు, అది కిలకిలా నవ్వుతోంది. వాడిది ముదురు.

ఏమని చెప్పను? నాకే తెలియనిది. పాస్ ఇచ్చాను. వాడు సంతకం పెట్టేంతసేపూ పిల్లను నేనే ఎత్తుకున్నాను. ఇంటికొచ్చి మా అమ్మాయి సంజనను చూడగానే ఏడుపొచ్చింది. దానికి ఎనిమిదేళ్లు, ఇంకా నా పక్కనే పడుకుంటుంది. ఎందుకమ్మా అంది. తలనొప్పి అన్నాను.

ఆదివారం సిరవార పోతాను. తిడితే తిట్టనీ.

ఏప్రిల్ 20. ఆదివారం

బస్సులో మూడుసార్లు దిగిపోదామనుకున్నాను.

పాండురంగయ్య గారు కూతురింట్లో ఉన్నారు. గడపలోనే చెప్పేశాను. రంగులు చెరిపేశాను సార్, కాపీ లేదు, తప్పు నాదే. కూచో అన్నారు. తిట్టలేదు. ప్రింటు తెచ్చినవా అన్నారు.

కళ్లజోడు పెట్టుకుని వేలు పేరు మీద పెట్టి చదివారు. ముదురుది గులాబీ. గులాబీ అంటే ఇంకా చెప్పనివాళ్లు. ఆదివారానికి ఇద్దరు ముగ్గురి చొప్పున చెప్పుకుంటూ వచ్చారట, అంతలో రిటైర్మెంటు వచ్చింది. డాక్టరిచ్చిన ఎక్స్‌రే రిపోర్టు కవర్లు ఏం చేశారని అడిగాను. పొయ్యిల ఏసిన, ఆఫీసుల ఉంటే ఎవడో ఒకడు చదువుతడు గద అన్నారు.

ఎనిమిది పేర్లూ రాసుకున్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. తొమ్మిది ఉండాలె అన్నారు. మళ్లీ లెక్కపెట్టాను. ఎనిమిదే. ఆయన నా వంకే చూస్తున్నారు. ఆఖరి పేజీ తేలేదా అన్నారు.

అది మా ఆఫీసు వాళ్లది సార్ అన్నాను.

దగ్గు ఎట్లుంది అహల్యమ్మా అన్నారు. దుమ్ము సార్ అన్నాను. ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచారు. ఆయన భార్య నీళ్లు తెచ్చి, గ్లాసు ఇచ్చాక కూడా అక్కడే నిలబడింది. నేను ఫోన్ చేసింది ఫైలు కోసం గాదమ్మా అన్నారు. నోరు రాక ఇంటికి రమ్మన్న అన్నారు.

తిరుగు బస్సులో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను.

ఏప్రిల్ 21. సోమవారం

ఆఖరి పేజీ. వరస 638. అహల్య. ముదురు.

క్యాంపులో కూలీల వెనక లైన్లో మేమూ ఎక్స్‌రే తీయించుకున్నాం. కోపంగా ఉంది. కూలీలకు చాయ్ తాగిస్తూ చెప్పగలిగిన మనిషికి, తొమ్మిదేళ్లు పక్కన కూర్చున్న నాకు చెప్పడానికి నోరు రాలేదా? నిన్న బస్సెక్కిస్తూ కూతురులాంటిదానివి అన్నారు. కూతురికైతే ముందు చెప్పాలి కదా. రెండు నెలలు దాటింది. ఆ రెండు నెలలూ సంజన నా దిండు మీదే పడుకుంది.

మళ్లీ ఆలోచిస్తే, ఫోన్ మోగింది. తియ్యనిది నేను.

ఏప్రిల్ 23. బుధవారం

వాసుదేవ్ షాపు మూసి దవాఖానకు వచ్చాడు. లైన్లో నా చెయ్యి పట్టుకున్నాడు, పెళ్లినాటి తర్వాత నలుగురిలో పట్టుకోవడం ఇదే. కఫంలో ఉంది. సంజనకూ అతనికీ ఏమీ లేదన్నారు. ఆ లైన్లోనే నా మొదటి మాత్రలు మింగించారు.

ఏప్రిల్ 25. శుక్రవారం

చాయ్ హోటల్లో సూగప్పకి చెప్పాను. నోటికి రుమాలు కట్టుకుని, ఎడంగా కూర్చుని చెప్పాను. నమ్మలేదు. నాకేం లేదు మేడం, మంచిగనే ఉన్న అన్నాడు. నేనూ అట్లే అనుకున్నాను సూగప్పా, నాది కూడా గులాబీయే అన్నాను. గ్లాసు కింద పెట్టాడు. పిల్లను ఎత్తుకోవచ్చునా అని అడిగాడు. రేపు దవాఖానకు పోయి అడుగుదాం, నేనూ వస్తాను అన్నాను.

ఇంకా ఏడుగురు.

ఏప్రిల్ 28. సోమవారం

కొత్త ఫైలు చేశాను. ముప్ఫై రెండు పేర్లు, రెండే రంగులు. ఇరవై కేబీ. రెండు కాపీలు. నా పేరుకు పసుపు వేశాను.

నా అట్ట ఎవరికి చూపించాలో తెలియలేదు. సాయంత్రం నింగప్ప వచ్చేదాకా మెట్ల మీద కూర్చున్నాను. ఖాళీ గూళ్లు వేలితో లెక్కపెట్టి, సరే అక్కా అన్నాడు.