పంపినవారి పేరు లేని కవరు

అక్కా,

నీ మేనకోడలు గెలిచింది. ఈ మాట ఫోన్లో చెబితే నాకు తనివి తీరదు, అందుకే రాస్తున్నాను.

ఇంటర్నెట్లో ఎవరు ఏం చూస్తున్నారో, ఏం పంపుతున్నారో ఎవరికీ కనబడకుండా దాచే ఒక ప్రోగ్రాం చేసింది కదా. "సందేశం ఎవరు పంపారో దాచే ఏ సాధనమైనా నేరం" అని కొత్త చట్టంలో పెట్టబోయారు. అదే ఖాయమైతే పిల్ల జైలుకే. నేను భయపడి ఆ చట్టం రాస్తున్న కమిటీ పెద్దాయనకి, కింద "ఒక తండ్రి" అని మాత్రం పెట్టి ఉత్తరం రాశాను. ఎప్పటిలాగే కవరు మీద నా పేరూ అడ్రసూ రాయడం మరిచాను.

అభ్యంతరాలు వినే రోజున ఆయన ఆ కవరు చూపించి, "ఎవరు పంపారో ఏమిటో" అన్నాడట. అభ్యంతరం చెప్పడానికి వెళ్ళిన మన పిల్ల నా రాత గుర్తుపట్టి, "మా నాన్నండీ. మీ చట్టం వస్తే ముందు ఆయన్నే పట్టుకోవాలి" అందట. పెద్దాయనకి నవ్వాగలేదట. ఆ వాక్యం కొట్టేశారు.

నలభై ఏళ్ళుగా తిడుతున్నావుగా, ఈ కవరు మీదా రాయలేదు.

నీ తమ్ముడు